జిరాఫీ తిన్న చేపల పులుసు ముద్ద

మా చిన్నప్పుడు... పొద్దువాలే వేళకి అమ్మ వాకిట్లో చాప వేసేది. దాకలో మిగిలిన నిన్నటి చేపల పులుసు అన్నంలో కలుపుకుని కూర్చునేది. ఒక పక్క నేను, ఇంకో పక్క మా చెల్లి బుజ్జి. మధ్యలో బొమ్మల పుస్తకం.

పేజీకో ముద్ద... అదీ మా ఇంటి రూలు. పేజీ తిప్పకపోతే బుజ్జి నోరు తెరిచేది కాదు.

బందరు దగ్గర సముద్రం ఒడ్డున మా ఊరు. నాన్న పడవ మీద వేటకి వెళ్తే రెండు మూడు రోజులకి గానీ తిరిగొచ్చేవాడు కాదు. అమ్మ చేపల గంపతో చిలకలపూడి వెళ్ళి వీధుల్లో అమ్ముకొచ్చేది. అక్కడ అమ్మ దగ్గర ఎప్పుడూ చేపలు తీసుకునే టీచరమ్మగారే ఆ పుస్తకం ఇచ్చారు. వాళ్ళ పాపది. "వారంలో తెచ్చిస్తే ఇంకోటి ఇస్తాను నాంచారమ్మా... పాడవకుండా చూడు" అన్నారట.

మా ఇంట్లో అడుగుపెట్టిన మొదటి బొమ్మల పుస్తకం అదే. అమ్మ దాన్ని గంపలో వెయ్యకుండా పమిట చెంగులో చుట్టి తెచ్చింది.

పుస్తకం నిండా ఒక జిరాఫీ బొమ్మలు, రాతేమో ఇంగ్లీషు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు, ఇంకా ఏబీసీడీలు దాటలేదు. అయినా అక్కని కదా... వేలు పెట్టి గడగడా చదివేసేదాన్ని. అంతా నా సొంత కవిత్వమే! అమ్మకి చదువు రాదు కాబట్టి నమ్మేస్తుందని నా ధీమా.

నా కథలో జిరాఫీ మా ఊరి ఒడ్డుకి వచ్చేది. మెడ పొడుగు కదా... అందరికంటే ముందు దానికే నాన్న పడవ కనపడేది. "అదిగో వచ్చేస్తోంది, అన్నం వండండి!" అని ఊరంతా వినపడేలా అరిచేది. జిరాఫీ అరవదని నాకేం తెలుసు! ఆఖరి పేజీలో నాన్న ఒడ్డుకి చేరేవాడు. ఆ ఆఖరి ముద్ద అమ్మది.

ఐదో రోజు... బుజ్జికి జాలేసింది. రోజూ అంతలా అరుస్తోంది, దానికి ఆకలెయ్యదా అని. మేం చూసేలోగా పులుసు ముద్ద తీసి జిరాఫీ నోటికి పెట్టేసింది.

అమ్మ చటుక్కున పుస్తకం లాక్కుంది. తడిగుడ్డతో తుడిచింది. ఎర్ర మరక పోలేదు సరికదా, పేజీ నానిపోయింది. ఇంక ఆరబెట్టాలి. మా ఇంట్లో ఏది ఆరబెట్టాలన్నా ఒకటే చోటు... పాత వల పరిచి నెత్తళ్ళు ఎండబెట్టే చోటు. మర్నాడు పొద్దున్నే పుస్తకాన్ని కూడా ఆ చేపల పక్కనే పెట్టింది. నేను కర్ర పట్టుకుని కాకుల్ని తోలుతూ కూర్చున్నాను. చేపలకీ పుస్తకానికీ కలిపి ఒకటే కాపలా.

సాయంత్రానికి పుస్తకం అప్పడంలా ఆరింది. వాసన సంగతి... మాకు తెలియనే లేదు. పుట్టినప్పట్నుంచీ ఆ వాసనలోనే ఉన్నాం మరి!

వారం కాగానే అమ్మ మా ఇద్దర్నీ కూడా చిలకలపూడి తీసుకెళ్ళింది. "మరక సంగతి నేను చెప్తాను, మీరు నోరెత్తబాకండి" అని దారంతా చెప్తూనే ఉంది. నాకేమో ఒకటే బెంగ... ఇంకో పుస్తకం ఇవ్వరు. పైగా మా వల్ల అమ్మ మాట పడుతుంది.

టీచరమ్మగారు పుస్తకం తెరిచారు. మరక చూశారు. ముక్కు దగ్గర పెట్టుకుని చటుక్కున తల వెనక్కి తీశారు. అమ్మ ఏదో చెప్పేలోపే బుజ్జి, "జిరాఫీకి ముద్ద నేనే పెట్టానండీ!" అంది, ఎంతో గొప్పగా.

"తప్పయిపోయిందండీ..." అంటూ అమ్మ తల దించుకుంది. ఎవరి ముందూ అమ్మ అలా తల దించడం నేను చూడలేదు. నాకు ఏడుపొచ్చేసింది.

టీచరమ్మగారు నా వైపు తిరిగి, "ఏదీ, ఇందులో ఏం చదివావో చెప్పమ్మా" అన్నారు.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. ఆవిడకి ఇంగ్లీషు వచ్చు! అయినా తప్పదుగా... కళ్ళు మూసుకుని జిరాఫీ, పడవ, నాన్న, మొత్తం అప్పజెప్పాను. ఆవిడ ఓసారి పుస్తకంలోకి చూశారు, ఓసారి నా వైపు చూశారు.

"బాగా చదివింది నాంచారమ్మా" అన్నారు.

ఆ పుస్తకం మళ్ళీ నా చేతిలోనే పెట్టారు. "అన్నం పెట్టిన ఇల్లు వదిలి ఈ జిరాఫీ మా ఇంట్లో ఏం ఉంటుంది? మీ దగ్గరే ఉంచుకోండి" అన్నారు. దాని మీద ఇంకో కొత్త పుస్తకం... మా ఇద్దరికీ చెరో బందరు లడ్డూ! నేతి చేతులతో ముట్టుకుంటామని ఇంటికి చేరేదాకా రెండు పుస్తకాలూ అమ్మ చెంగులోనే ఉన్నాయి.

మొన్న ఆదివారం అమ్మ బందరులో మా ఇంటికి వచ్చింది. మా అమ్మాయి రెండో తరగతి. ఇంగ్లీషు నిజంగానే గడగడా చదువుతుంది. అమ్మ పులుసన్నం కలిపి, ఆ జిరాఫీ పుస్తకం తెమ్మని, పేజీకో ముద్ద పెడుతూ నా కథే మొదలుపెట్టింది... ఒక్క ముక్క పొల్లుపోకుండా.

"అమ్మమ్మా, ఇందులో పడవే లేదు. జిరాఫీ ఆకులు తింటోందని రాసుంది" అంది మా అమ్మాయి.

ఇన్నేళ్ళకి నా దొంగ చదువు బయటపడింది! "ఉందే, నువ్వు సరిగ్గా చదవలేదు" అని నేను సర్దబోతే అమ్మ నవ్వింది.

"నాకు తెలుసులేవే... అక్షరాలు రాకపోతే బొమ్మలు కూడా కనపడవా ఏంటి? చుక్క నీళ్ళు లేని చోటికి పడవ ఎట్టా వచ్చిద్ది?"

"మరి రోజూ ఎందుకు చదివించుకున్నావమ్మా?"

"మీ నాన్న వేటకి పోయిన రోజుల్లో... పడవ వచ్చేస్తోందని ఆ జిరాఫీ చెప్తే గానీ నాకు ముద్ద దిగేది కాదే."

నాన్న వేట మానేసి ఇప్పుడు ఇంటిపట్టునే ఉంటున్నాడు. వేటకి వెళ్ళేవాళ్ళు కూడా ఒడ్డు దగ్గర పడుతుంటే ఫోన్ చేసి చెప్పేస్తున్నారు. మంచిదే... మా జిరాఫీకే పని లేకుండా పోయింది. పుస్తకంలో నెత్తళ్ళ వాసన ఎప్పుడో పోయింది. దాని నోటి దగ్గర ఎర్ర మరక మాత్రం అలాగే ఉంది.

మీ ఇంట్లోనూ అలాంటి పాత పుస్తకం ఉంటే ఓసారి తెరిచి చూడండి... అందులో ఏ కూర మరక ఉందో, ఆ ముద్ద ఎవరు కలిపారో చెప్పండి.