మర్యాద నేర్చిన కంప్రెసరు

ఆ ఏడు ఆలివ్ కోతల వేళకి మా కుజ్మా బావ కంప్రెసరుకి సత్తువ పోయింది.

కొన్న కొత్తలో దాని జోరే వేరు. మొదటిసారి అది మోగిన రోజున మా దీవిలో చెట్లే కాదు, ఎదురు దీవిలో చెట్లు కూడా భయపడి కాయలు రాల్చేశాయి. కొమ్మ కింద మేస్తున్న నా మేకకి ఒంటిమీద బొచ్చంతా ఊడిపోయి, పాపం ఆ చలికాలమంతా నా పాత కోటు తొడుక్కుని తిరిగింది. నమ్మనివాళ్ళు మా ఇంటికొచ్చి కోటు చూసుకోవచ్చు.

కంప్రెసరు ఉండేది కుజ్మా ఇంటి కింది గదిలో, ద్రాక్షసారా పీపాల పక్కన. అక్కణ్ణుంచి గొట్టం కిటికీలోంచి బయటికొచ్చి, ఇంటి వెనక రాతిగట్ల మీదుగా ఆలివ్ తోటలోకి ఎక్కుతుంది. గొట్టం చివర పొడవాటి కర్ర. దాని కొసన ప్లాస్టిక్ వేళ్ళు గాలి బలానికి చప్పట్లు కొట్టినట్టు ఆడుతూ, కొమ్మల్లోని కాయల్ని కింద పరిచిన వలల మీదకి దులుపుతాయి. మేం దాన్ని గాలి దువ్వెన అంటాం. ఆ ఏడు మాత్రం దువ్వెనని కొమ్మకి ఆనించగానే గాలి ఒత్తిడి చూపే మీటరు ముల్లు జారిపోయేది. దాని వేళ్ళు ఆదివారం పూజలో కునికే ముసలమ్మ తలలా ఒకసారి ఇటు వాలేవి, కాసేపాగి ఒకసారి అటు.

కుజ్మా నాకు బావ. అతని భార్య పెరీనా మా పినతండ్రి కూతురు. ఉద్యోగం చేసినంత కాలం అతను దీవుల మధ్య తిరిగే ఫెర్రీ ఇంజన్ గదిలోనే బతికాడు. సముద్రం మీద అంతకాలం ఉండి, సముద్రాన్ని చూసింది సెలవు రోజుల్లోనే. ఆ ఇంజన్లు అతని ఎడమ చెవిని పూర్తిగానూ కుడి చెవిని సగమూ తినేశాయి. ఆ సంగతి ఊరందరికీ తెలుసు, అతనికి తప్ప. "ఈ కాలం జనం గొణుగుతారు, బావా" అనేవాడు నాతో.

మనిషి మాత్రం మహా మర్యాదస్తుడు. దారిలో ఎవరెదురైనా టోపీ ఎత్తుతాడు. ఒకసారి పొద్దున్నే మంచులో నా మేకకి కూడా ఎత్తాడు, నా భార్య అనుకుని. ఈ మాట నా భార్య దగ్గర ఎత్తొద్దు.

అంతకు ముందు కోతల్లో కుజ్మా నిచ్చెన మీంచి పడ్డాడు. భుజం మళ్ళీ సరిగా అతకలేదు. ఈ ఏడు వేసవి మొదట్లో పెరీనాకి తుంటి ఆపరేషన్ అయింది. ఏటా వలలు పరిచేది, కాయల్లోంచి ఆకులు ఏరేది ఆవిడే. ఇప్పుడు మేడమీద కిటికీ దగ్గర కూర్చుని, ఒళ్ళో అల్లిక పెట్టుకుని, కిందికి ఆజ్ఞలు జారీ చేసేది. వాటిలో ఒకటి మరీ గట్టిది.

"ఏమయ్యా, నిచ్చెన తాకితే నా మీద ఒట్టే. దువ్వెనతో అయితే కొయ్యి. గానుగలో మన వంతు వచ్చేలోపు అవ్వలేదంటే తోట యెర్కోకి ఇచ్చేద్దాం. నాకు కాయలు అక్కర్లేదు, నువ్వు కావాలి."

యెర్కో కుజ్మా అన్న కొడుకు. చెడ్డవాడు కాదు. వేసవిలో వచ్చే టూరిస్టులకి గదులు అద్దెకిస్తాడు. "తోట నేను చూసుకుంటా చిన్నాన్నా, నూనె మీకు పంపిస్తాగా" అని ప్రతి ఏడూ అడిగేవాడు. అడుగుతూ ఆ రాతిగట్లని అడుగులేసి కొలిచేవాడు. తోట అతని చేతికెళితే మరుసటేడు అక్కడ చెట్లుండవని, ఈతకొలను ఉంటుందని అందరికీ తెలుసు. ఆ చెట్లు పెరీనా తండ్రి నాటినవి. కుజ్మా ఆవిణ్ణి మొదటిసారి చూసింది ఆ చెట్ల కిందే, వలలో కాళ్ళు చిక్కుకుని తిట్టుకుంటూ ఉండగా.

అందుకే ఆ కంప్రెసరు సంగతి తేల్చడానికి నన్ను పిలిచాడు. నా మెకానికం మీద అతనికి నమ్మకం లేదు. నాకు నాలుక ఉంది, అతనికి తోడు కావాలి, అంతే.

ముందు గాలి ఎక్కడైనా కారిపోతోందేమో చూశాం. గడ్డం గీసుకునే బ్రష్షుతో సబ్బు నురుగు తీసి ప్రతి అతుకుకీ పూశాడు. గొట్టం వచ్చి తగులుకునే చోట చిన్న చిన్న బుడగలు లేచాయి.

"దొరికాడు దొంగ!" అన్నాను.

"చిల్లర దొంగ" అన్నాడు కుజ్మా. రబ్బరు రింగు మార్చాడు. దువ్వెనలో కాస్త చలనం వచ్చింది, అంతే.

ట్యాంకు అడుగున మర విప్పి తుప్పునీళ్ళు వదిలాడు. పొడుగాటి సన్న కరెంటు వైరు తీసేసి లావుది వేశాడు. సన్న గొట్టంలో గాలి అలిసిపోతుందేమోనని, ద్రాక్షతోటలవాళ్ళ దగ్గర లావు గొట్టం అడిగి తెచ్చాం. చేసిన ప్రతి పనికీ దువ్వెన ఇంకొంచెం కదిలింది. కాయలు మాత్రం అలాగే కూర్చుని మమ్మల్ని చూస్తున్నాయి.

ఎదురింటి నెవెన్కా చంకలో నెలల పాపతో అటు వచ్చి, "మీ మిషను ఈ ఏడు ఎంత మర్యాదగా మోగుతోందో బాబాయ్! ఏం చేశారు దాన్ని?" అంది.

"అవునమ్మా, మబ్బు పడుతోంది" అన్నాడు కుజ్మా టోపీ ఎత్తి. నెవెన్కా ఎందుకో ముసిముసిగా నవ్వుకుంటూ వెళ్ళిపోయింది.

మబ్బు నిజంగానే పడుతోంది. దక్షిణం నుంచి తడిగాలి మొదలైంది. వాన కురిస్తే కాయలు నేలపాలవుతాయి. గానుగలో వంతు దాటితే ఆ ఏడుకి మళ్ళీ రాదు.

చివరికి కుజ్మా జేబులోంచి ఎండు అంజూరాలు తీశాడు. డాక్టరు సిగరెట్లు మాన్పించినప్పటి నుంచి అతనికి అవే కాలం కొలిచే గడియారం. ట్యాంకు పూర్తిగా ఖాళీ చేసి మిషను వేశాడు. మామూలుగా రెండు అంజూరాలు నమిలేలోపు ముల్లు పైకెక్కి మిషను దానంతటదే ఆగాలి. ఆరోజు జేబు ఖాళీ అయింది, ముల్లు సగం కూడా ఎక్కలేదు. అతను మిషను ఆపి నా వైపు తిరిగాడు.

"గాలి పోవడం లేదు బావా. అసలు పుట్టడమే లేదు."

"అంటే?"

"లోపల రింగులు అరిగిపోయి ఉంటాయి. ఇంక దీని పని అయిపోయింది." పీపా మీద కూర్చున్నాడు. "దాని పనీ, నా పనీ. యెర్కోకి కబురు చెయ్యి."

మా కుజ్మా నోట ఆ మాట వినవలసి వస్తుందని నేను అనుకోలేదు. నోటికి వచ్చిన అబద్ధమల్లా చెప్పే నాకు ఆ క్షణం ఒక్కటీ తోచలేదు. "రింగులు కళ్ళతో చూశావా?" అని మాత్రం అడిగాను.

"చూడాలంటే మిషను తల విప్పాలి."

"విప్పు మరి. చచ్చిందో లేదో చూడకుండానే చావుగంట కొట్టేస్తారా?"

గొణుక్కుంటూ లేచాడు. తల విప్పాలంటే ముందు గాలి పీల్చే ఫిల్టరు తియ్యాలి. అది మిషనుకి ముక్కు లాంటిది, రొదంతా అక్కణ్ణుంచే వస్తుంది, గోడవైపు ఉంటుంది. వసంతంలో కడిగిపెట్టాను కదా అని కుజ్మా మళ్ళీ అటు చూడనేలేదు. ఇద్దరం పట్టి మిషనుని గోడ నుంచి ఇవతలికి తిప్పాం.

దాని ముక్కుకి టోపీ ఉంది.

ఉన్ని టోపీ. ముదురు నీలం రంగు, దట్టమైన అల్లిక, జారిపోకుండా మెడ దగ్గర చక్కగా బిగించిన ముడి. అవతలినుంచి చూస్తే పసిపాపకి చలికి తొడిగినట్టుంది.

కుజ్మా ఆ ఉన్నిని వేళ్ళ మధ్య పెట్టి రుద్దాడు. "ఇది నా ఫెర్రీ స్వెట్టరు" అన్నాడు. "చేతులు చిరిగిపోతే విప్పేసింది."

ఎవరు అల్లారో అడగక్కర్లేదు. ఎందుకల్లారో కూడా అతనికి మెల్లగా వెలుగుతోంది. వేసవిలో పెరీనా ఆస్పత్రిలో ఉన్నప్పుడు, ఇంటికొచ్చాక కూడా, కుజ్మాకి కంటిమీద కునుకు ఉండేది కాదు. మధ్యాహ్నాలు ఆ కంప్రెసరుతో పడవ మీది పాత రంగు చెక్కుతూ కూర్చునేవాడు. మా సందులో భోజనాలయ్యాక నాలుగింటి దాకా ఎవరూ చప్పుడు చెయ్యరు. బడిలో సిస్టర్ అన్సెల్మా మాకు పాపాల్లో రకాలు చెప్పేటప్పుడు, నిద్రవేళ మేకు కొట్టడాన్ని దొంగతనానికీ హత్యకీ మధ్య ఎక్కడో పెట్టేది.

"అప్పుడు ఎదురింట్లో పసిబిడ్డ..." అన్నాడు. "నా చప్పుడు అంత ఉండేదా?"

"ఇటలీ నుంచి కబురొచ్చింది, కాస్త తగ్గించమని."

"మరి ఎవరూ చెప్పలేదేం?"

"నీ భార్య ఆస్పత్రిలో ఉంటే ఎవరు చెబుతారు?"

"పెరీనా అయినా చెప్పొచ్చుగా! చప్పుడెక్కువగా ఉంది, నీకు వినపడట్లేదు అని..." ఆ మాట దగ్గర ఆగిపోయాడు. నేను పీపాల వైపు చూస్తూ ఉండిపోయాను. మేడ దిగలేని మనిషి అది అల్లి నెవెన్కా చేతికిచ్చి, చడీచప్పుడు లేకుండా తొడిగించింది, మొగుడికి ఆ ఒక్క మాట చెప్పాల్సి రాకుండా.

కుజ్మా తల తుడుచుకుని తన టోపీ పెట్టుకున్నాడు. "దీనివల్లే తోట పోయేదని తెలిస్తే పెరీనా తట్టుకోలేదు బావా. నువ్వు మేడమీదకి వెళ్ళు. నేను మిషను వేసేటప్పుడు దానికి వినపడకుండా ఏదో ఒకటి చెప్పు. గట్టిగా చెప్పు. జన్మలో ఒక్కసారి నీ అబద్ధాలు మంచి పనికి వాడు."

వెళ్ళాను. పెరీనా కాఫీ ఇచ్చింది. నేను గొంతెత్తి, ఒక చేప నన్ను గాలం వేసి పట్టి, చిన్నవాణ్ణని తిరిగి వదిలేసిన వృత్తాంతం మొదలుపెట్టాను. చేప నా బరువు తూస్తున్న చోట ఉండగా కింద కంప్రెసరు గర్జించింది. అల్మారాలో కప్పులు గణగణమన్నాయి. గోడమీద పటం పక్కకి ఒరిగింది.

పెరీనా చేతిలో సూది ఆగిపోయింది.

"ఇంక చాల్లే అన్నయ్యా" అంది.

ఆ మొహంలో ముందు భయం కదిలింది, తరువాత సిగ్గు. కిటికీలోంచి తోటలోకి చూసింది. గట్టు మీద కుజ్మా, అతని పైన దువ్వెన, నల్లటి కాయలు వడగళ్ళలా వల మీదకి. ఆవిడ కళ్ళు తుడుచుకుని కిందికి వంగి కేకేసింది.

"ఏమయ్యా! ఏమైంది దానికి?"

రెండోసారి పిలిచినా వినపడలేదు. మూడోసారికి తలెత్తాడు.

"బెల్టు! బెల్టు వదులైంది!"

"అలాగా! అయితే గట్టిగా బిగించు!" అని, నా వైపు తిరిగింది. "మధ్యాహ్నం గుడిగంట ఆయనకి వినపడదు అన్నయ్యా. నేను కిటికీకి తెల్లగుడ్డ వేలాడేస్తానని చెప్పు. నాకు ఎండకోసమని చెప్పు."

చెప్పాను. ఏ ఎండ అని కుజ్మా అడగలేదు. భోజనాలవేళ గుడ్డ కనపడగానే మిషను ఆపేవాడు. నాలుగింటికి గుడ్డ లోపలికి వెళ్ళగానే వేసేవాడు. వలలు నేనూ నెవెన్కా పరిచాం. వాన చినుకులు పడుతుండగా ఆఖరి సంచీ గానుగకి చేరింది. యెర్కో తన ట్రక్కు తెచ్చి సంచులు మోశాడు. "మరి వచ్చే ఏడు చిన్నాన్నా?" అన్నాడు. "వచ్చే ఏడు వలలు పట్టడానికి రా" అన్నాడు కుజ్మా.

కొత్త నూనె వచ్చిన ఆదివారం, రొట్టె కాల్చి దానిమీద పోసుకుని తిన్నాం. గొంతులో మిరియంలా మండింది. తరువాత కుజ్మా నన్ను కింది గదికి తీసుకెళ్ళాడు. కంప్రెసరు ముక్కుకి మళ్ళీ టోపీ ఉంది.

ఇది నీలం ఉన్నిది కాదు. తెల్ల దారంతో, గుళ్ళో పూజాపీఠం గుడ్డకి వేసే లేసు అల్లిక. అంతా కన్నాలే. కుజ్మా జేబులోంచి అంజూరాలు తీసి, ట్యాంకు ఖాళీ చేసి మిషను వేశాడు. రెండో అంజూరం ఇంకా నోట్లో ఉండగానే మిషను ఆగింది.

"ఆకులు పడకుండా ఉంటుంది" అన్నాడు నాతో, చాలా గంభీరంగా.

మేడమీంచి పెరీనా గొంతు వినపడింది, మరీ పెద్దగా కాదు. "ఏమయ్యా, బెల్టు బాగా బిగిసిందా?"

కుజ్మా తలెత్తాడు. పైకప్పు వైపు చూసి టోపీ ఎత్తాడు.

"బిగిసింది, పెరీనా" అన్నాడు.