తెర లేని పెట్టె

ఆ పెట్టె మాటెత్తితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. పెట్టె మీద కాదు, దాన్ని చూసి మా అత్తగారింట్లో వాళ్లు అన్న మాటల మీద.

తిరుచానూరు రోడ్డు పక్క సందులో మా అత్తగారిల్లు. మా ఆయనకు తడ దగ్గర ఫ్యాక్టరీలో పని, వారానికొకసారి వచ్చేవాడు. ఇంట్లో మామగారు, అత్త, ఎంసీఏ చదివే మరిది, నేను. తిరుపతిలో ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ కొత్తగా వస్తున్న రోజులు. హాల్లో మరిది కంప్యూటరుకు నెట్టు పెట్టించారు. మేడ మీద నా కంప్యూటరుకూ కావాలంటే, "ఒక ఇంటికి రెండు కనెక్షన్లు ఏంటికమ్మా?" అన్నారు మామగారు.

సరే, నేనే చూసుకుంటానన్నాను. చిత్తూరులో పాలిటెక్నిక్ చదివేటప్పుడు ల్యాబులో, విండోస్‌కు బదులు కంప్యూటరును నడిపే లినక్స్ నేర్చుకున్నాను. అటక మీద పడేసిన పాత కంప్యూటరు దించి, దుమ్ము దులిపి, రెండు నెట్‌వర్క్ కార్డులు బిగించి, లినక్స్ ఎక్కించాను. మోడెము నుంచి వచ్చే నెట్టును ఆ పెట్టె హాల్లోకీ మేడ మీదికీ పంచుతుంది. ఒకసారి నడవడం మొదలుపెట్టాక దానికి తెరా అక్కర్లేదు, కీబోర్డూ అక్కర్లేదు. మెట్ల కింద, చెప్పుల పక్కన పెట్టి, కరెంటు కోతలకని చిన్న యూపీఎస్ తగిలించాను. వారం రోజులు పట్టింది నాకు. ఇంటికొచ్చిన వాళ్లతో మరిది మాత్రం, "రెండు సిస్టమ్‌లకూ నెట్టు నేనే షేర్ చేసినా," అని కాలరెగరేసేవాడు. నేను వంటింట్లో వింటూ పోపు మాడ్చుకునేదాన్ని.

మామగారికైతే ఆ పెట్టె కంట్లో నలుసు. "తెర లేని కంప్యూటరు యాడైనా ఉండాదా? చెడిపోయినట్టుండాది, పాత సామాన్లోడికి ఏసేయండి," అనేవారు. నెట్టు దాంట్లోంచే వస్తుందని ఎన్నిసార్లు చెప్పినా చెవిన వేసుకుంటేనా!

ఆ ఏడు దసరాకు ముందు చెన్నైలో ఒక ఆఫీసు నాకు ఇంటి నుంచి చేసే పని ఇచ్చింది. డాక్టర్లు మాటల్లో రికార్డు చేసిన రోగుల వివరాలు విని, టైపు చేసి పంపాలి. నెల రోజులు ట్రయల్. రోజూ పగలు పన్నెండు లోపల ఫైలు చేరాలి, ఒక్క రోజు తప్పినా అంతే సంగతులు. పెళ్లయ్యాక నాకంటూ దొరికిన మొదటి పని అది. ఇంకో రెండు రోజుల్లో ట్రయల్ ముగుస్తుందనగా ఆయుధపూజ వచ్చింది.

"రేపు పనిముట్లు ముట్టగూడదు," అని అత్త ముందే చెప్పింది. అందుకని టైపు చేసేదంతా ముందు రోజే ముగించాను. పండగ రోజు ఒకసారి సరిచూసి పంపడమే మిగిలింది. దానికి ఏ దేవుడూ కోప్పడడనుకున్నాను.

పొద్దున్నే మామగారు స్కూటరు కడిగి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టారు. మిక్సీకి, కుట్టుమిషనుకు, సుత్తికి, స్క్రూడ్రైవరుకు కూడా గంధం, కుంకుమ. మరిది మానిటరుకు చామంతి దండ, చుట్టూ సీరియల్ బల్బులు. పదకొండున్నరకు నేను మేడ మీద ఫైలు పంపబోతే నెట్టు లేదు. కిందికి పరుగెత్తాను. పెట్టె చప్పుడు లేకుండా పడుంది. యూపీఎస్‌లో దాని ప్లగ్గు పీకేసి సీరియల్ బల్బుల ప్లగ్గు పెట్టారు!

"ఎవరు పీకినారు?" అని అరిచాను.

"నేనేమ్మా. కరెంటు పోయినా పూజ లైట్లు ఆరగూడదు గదా," అన్నారు మామగారు నిమ్మళంగా.

"నా పని పోతాది మామా! ఇంట్లో సుత్తికి గూడా బొట్టు పెట్టినారు, నా పెట్టెకు పెట్టకపోగా పీకి పారేస్తారా?"

"అదేం ఆయుధమమ్మా! దాంతో ఎవరు పని చేస్తారు?"

అరికాలి మంట నెత్తికెక్కింది. ప్లగ్గు మళ్లీ పెట్టాను. అర్ధంతరంగా ఆరిపోతే ఆ పెట్టె లేచేటప్పుడు తన డిస్కంతా తడిమి చూసుకుంటుంది. తేడా కనిపిస్తే పాస్‌వర్డ్ అడిగి ఆగిపోతుంది. ఆ అడిగేది తెర మీద. ఆరోజు ఆగిపోయింది. మరిది మానిటరు అడిగితే, "పూజ అయిపోయింది వదినా, రేపటిదాకా కదిలించగూడదు," అన్నాడు. బజారుకు పోదామా అంటే నెట్ సెంటర్లన్నీ అరటిపిలకలు కట్టుకుని మూసున్నాయి. మేడ మీది నుంచి నా మానిటరు, ఆ బండ బరువుది, రొమ్ముకు ఆనించుకుని, కీబోర్డు చంకన పెట్టుకుని మెట్లు దిగాను. మరిదీ సాయం రాలేదు, మామగారూ రాలేదు. పాస్‌వర్డ్ కొట్టి, అడిగినవాటన్నిటికీ సరే అని, పెట్టె లేచాక మానిటరు, కీబోర్డు మళ్లీ పైకి మోసుకుపోయి ఫైలు పంపేసరికి పన్నెండు దాటి ముప్పావుగంట.

సాయంత్రం చెన్నై నుంచి రెండు వాక్యాల మెయిల్ వచ్చింది, ఇక ఫైళ్లు పంపనక్కర్లేదని. కిందికొచ్చి చెప్పాను. మామగారు గిన్నెలోంచి బొరుగులు, బెల్లం నోట్లో వేసుకుంటూ, "పోనీలేమ్మా, ఇంట్లో కూర్చోని చేసేదే గదా," అన్నారు. ఏడుపు రాలేదు నాకు. ఆ గిన్నె లాగి వీధిలోకి విసిరేయాలనిపించింది. విసరలేదు, అది ఇప్పటికీ బాధే.

ఆరు నెలలు అడుక్కోగా అడుక్కోగా ఇంకో ఆఫీసు ట్రయల్ ఇచ్చింది. నిలబడ్డాను. చేతికి జీతం వచ్చింది. మళ్లీ ఆయుధపూజ వచ్చింది. ఆరోజు పొద్దున్నుంచే మేడ మీద కూర్చుని, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని టకటకా టైపు చేస్తున్నాను. మామగారు కుంకుమ పళ్లెం పట్టుకుని మెట్లెక్కి వచ్చారు.

"అయ్యయ్యో, ఏందమ్మా ఇది! పండగ పూట పనిముట్టు ముడతావా?"

హెడ్‌ఫోన్లు తీశాను. "నా పెట్టె ఆయుధం కాదని పోయినేడు మీరే చెప్పినారు గదా మామా, ఇది మాత్రం ఎట్లవుతాది? దాంతో ఎవరూ పని చెయ్యరంట గదా."

నేను మళ్లీ హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాను. పన్నెండుకు ఇంకా గంట ఉంది.