గాజులు తీసి పట్టిన తాపీ

అణాలు పోయి నయాపైసలు వచ్చిన కొత్తల్లో మా ఆయన గోడకు కట్టిన సారవ కర్రల మీద నుంచి పడినాడు. తాపీ మేస్త్రి ఆయన. కుడి భుజం మళ్ళీ పైకి లేవలేదు. పెళ్ళయిన నాటి నుంచి ఆయనకు సున్నం కలిపి అందించిన దాన్ని నేను. ఇంట్లో తాపీ ఉంది, పట్టే చెయ్యి లేదు. నా చెయ్యి ఉంది గదా అనుకున్నా.

సముద్రపు ఉప్పుగాలికి మా ఊళ్ళో ఏ గోడైనా పెచ్చులూడాల్సిందే. మేస్త్రీలు కొత్త ఇళ్ళకే పోతారు, జానెడు అతుక్కి ఎవరూ రారు. ఆ అతుకులు నేను వేస్తానని గడప గడపకూ చెప్పొచ్చినా. మా బావ కూడా మేస్త్రే. ఆడది సున్నం మోయాల గానీ తాపీ పట్టకూడదని రచ్చ చేసినాడు. దాంతో ఎవరూ పిలవలేదు. చివరికి ఒక రైతు భార్య పిలిచింది, వంటింటి గోడకు. ఆ వంటింట్లోకి పరాయి మగవాణ్ణి రానియ్యరు.

ఊడిన పెచ్చుల్ని పారేయలేదు. దంచి, జల్లించి, గుల్ల సున్నంలో కలిపి పూసినా. పూసిందాకా బాగానే ఉంది. తీరా చూస్తే గోడంతా సన్న గీతలు. నా మట్టిగాజులు పచ్చి సున్నాన్ని గీకినాయి. వెనకాలే వచ్చిన బావ కిటికీలోంచి తొంగి చూసి, "ఏమ్మే, గోడకు ముగ్గేసినావా?" అన్నాడు.

గాజులు మోచేతి దాకా తోసినా, జారినాయి. తీసి కొంగున ముడేసుకున్నా. గీతలు పడిందంతా గీకేసి మళ్ళీ మొదలుపెట్టినా.

అంతలో ఆ రైతు వచ్చినాడు. నా బోడి చేతులు చూసి ఆయన మొహం మాడిపోయింది.

"మొగుడు బతికుండగానే ఇదేంది మే? నా ఇంట్లో అరిష్టం. గాజులేసుకో, లేకుంటే పో."

"ఆయన బతికుండబట్టే వచ్చినానయ్యా, ఆయనకు అన్నం పెట్టాలని. గాజులు కావాల్నంటే గీతల గోడ ఉంచుకోండి. నున్నటి గోడ కావాల్నంటే పక్కకు జరగండి."

ఆయన భార్య వైపు చూసినాడు. ఆమె గోడ పక్కనున్న నూనె జాడీ ఎత్తి అవతల పెట్టింది.

"పొద్దు వాలేలోగా నేను పొయ్యి వెలిగించాల. ఆమెను పని చేసుకోనియ్యండి," అంది.

ఆయన బయటికి పోయినాడు. బావ అంతకుముందే జారుకున్నాడు. నేను పని ముగించి పెరట్లో చేతులు కడుక్కుంటుంటే పక్కింటామె గోడవతల నుంచి, మా ఇంటికెప్పుడొస్తావని అడిగింది.

"రేపే వస్తా. కానీ ఇట్టా గాజుల్లేని చేతుల్తోనే వస్తా. మీ ఇంటాయన్ను అడిగి పిలువు," అన్నా.

"ఆయన్ను అడిగేదేముంది, నువ్వు రా," అంది ఆమె.