గాజు మేస్త్రి తప్పు

యూనివర్సిటీలో పరిశోధన చేసే ఆమెను విద్యార్థులు వెనకాల ‘బొగ్గు మేడమ్’ అనేవాళ్ళు. ముప్పై ఏళ్ళు ఆమెకు బొగ్గే లోకం మరి. అలాగని పొయ్యిలో బొగ్గు కాదు. కర్బన పరమాణువులు చాపలా అల్లుకుని, ఆ చాప చుట్ట చుట్టుకుంటే గొట్టాలు ఏర్పడతాయి. ఒక్కోటి వెంట్రుక మందంలో యాభై వేలవ వంతు ఉంటుంది. వాటినే కార్బన్ నానోట్యూబులంటారు. వాటిని పొడుగ్గా పెంచడం ఆమె పని.

అవి పెరిగేవి కావు. సన్నటి ఇనుప రేణువుల మీద మొలిచేవి, కాసేపటికే రేణువులకు మసి పట్టి ఎదుగుదల ఆగిపోయేది. ఆరేళ్ళు ఇదే తంతు. ప్రాజెక్టు గడువేమో ముంచుకొస్తోంది.

అప్పుడే ఒక వానాకాలం ఉదయం కొలిమి తెరిస్తే, రేణువులు పరిచిన పలక మీద ఎప్పుడూ ఉండే పలచని పూత బదులు మందంగా నల్లటి దిమ్మ కట్టి ఉంది. అంతా మాడి మసైందనుకుంది ఆమె. వెతికితే, కొలిమిలోని క్వార్ట్జ్ గాజు గొట్టానికి అతుకు దగ్గర సూదిమొన కన్నం. చెమ్మగాలి లోపలికి దూరింది.

ఆ గాజు గొట్టాలు చేసేది యూనివర్సిటీ గాజు మేస్త్రి. ఊదుడు గొట్టం, మంట, రెండు చేతులు తప్ప వేరే ఆస్తి లేని మనిషి. ఎప్పుడూ ‘మేస్త్రి గారూ’ అని పిలిచే ఆమె నోట ఆ రోజు ‘గారు’ ఊడిపోయింది.

“ఏమిటయ్యా ఇది? మూడు నెలల పని బూడిదలో పోసిన పన్నీరు చేశావు! కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావు?”

ఆరుగురు విద్యార్థులు చూస్తున్నారు. మేస్త్రి తల వంచుకున్నాడు.

“పొరపాటే మేడమ్. అతుకు సరిగా చూసుకోలేదు.”

ఆమె అంతటితో ఊరుకోలేదు. కాగితం మీద ఫిర్యాదు రాసి ఆఫీసుకు పంపింది. రావలసిన ప్రమోషన్ ఆయనకు ఆగిపోయింది.

నాలుగు రోజుల తర్వాత, పారేసేముందు చూద్దామని ఆ నల్ల దిమ్మను ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టింది. దువ్వెన పళ్ళలా నిటారుగా, ఒత్తుగా, లోకంలో ఎవరూ చూడనంత పొడుగు గొట్టాలు! కన్నంలోంచి వచ్చిన చెమ్మ ఇనుప రేణువుల మీది మసిని ఎప్పటికప్పుడు కడిగేసింది. ఆరేళ్ళుగా అందని రహస్యం ఒక చెడ్డ అతుకు చెప్పేసింది.

ఫిర్యాదు వెనక్కి తీసుకోవాలి అనుకుంది. రేపు చెబుదాం అనుకుంది. ఆ రేపు వాయిదాల మీద వాయిదాలు పడింది. పరిశోధనా పత్రంలో మాత్రం, ‘కొంచెం నీటి ఆవిరి కలిపితే మేలని భావించి’ అని రాసుకుంది. ఆ ఒక్క పత్రంతో ప్రొఫెసరైంది, బహుమతులొచ్చాయి. ఒక ఉపన్యాసంలో ఎవరో, ఆ ఆలోచన ఎలా వచ్చిందని అడిగితే, టీ కెటిల్ చూస్తుంటే తట్టిందని నోటికొచ్చింది చెప్పింది. జనం నవ్వి చప్పట్లు కొట్టారు. ఆ పైన ఎక్కడికి వెళ్ళినా ఆ కెటిల్ కథే అడిగేవారు. అడిగిన ప్రతిసారీ ఆమె చెప్పేది.

మేస్త్రి మాత్రం కొత్త గొట్టం తెచ్చిన ప్రతిసారీ బల్ల మీద పెట్టి, “మూడుసార్లు చూశాను మేడమ్,” అనేవాడు. రిటైరయ్యేదాకా, పదకొండేళ్ళు, అదే మాట. ఆమె తల ఎత్తకుండానే “సరే, పెట్టండి” అనేది.

ఆమె ఉద్యోగ విరమణ సభకు శిష్యురాలు ఒకతె, మేడమ్ సంతోషిస్తారని, మేస్త్రిని కూడా పిలిచింది. ఆయన ఇస్త్రీ చొక్కాతో వచ్చి మైకు ముందు నిలబడ్డాడు.

“నేను ఒకసారి మేడమ్ పని పాడుచేశాను. అయినా మళ్ళీ నాకే పని ఇచ్చారు. అంత పెద్ద మనసు ఎవరికుంటుంది?”

హాలంతా చప్పట్లు. ఆమె శాలువా కొసలు పట్టుకుని కూర్చుంది. లేవాలనుకుంది, లేవలేదు. తన వంతు వచ్చినప్పుడు అందరికీ కృతజ్ఞతలు చెప్పి ముగించింది. కారులో భర్త, “ఎంత మంచివాడు పాపం!” అన్నాడు. ఆమె కిటికీ వైపు తిరిగింది. ముఖం దాచుకోవడానికి చోటు దొరకలేదు.

మర్నాడు పొద్దున్నే ఆయన ఇంటికి వెళ్ళింది. రెండో అంతస్తు, రెండు గదులు. కూతురు కుర్చీ వేసింది. ఆమె కూర్చోకుండానే, ఉన్నదున్నట్టు చెప్పేసింది. మేస్త్రి కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ విన్నాడు.

“ఎప్పుడు తెలిసింది మేడమ్ మీకు?”

“నాలుగు రోజులకే.”

“నాలుగు రోజులకా...” ఆయన కళ్ళద్దాలు మళ్ళీ పెట్టుకున్నాడు. “నా చేతిలో ఏదో లోపం ఉందని మా ఆవిడ పోయేదాకా దిగులుపడింది. సర్లెండి, అదైపోయింది. మరి నిన్న? అంతమంది ముందు నా చేత ఆ మాట ఎలా చెప్పనిచ్చారు?”

“నా పత్రం వేసిన పత్రికకు రాస్తాను. అది మీ వల్ల బయటపడిందని, మీ పేరుతో రాస్తాను,” అంది.

“రాయండి. ఇంటిపేరు కూడా రాయండి.”

ఆమె సంచిలోంచి పెన్ను తీసి ఆగిపోయింది. ఇరవై ఏళ్ళు పని చేయించుకుంది, ఆయన ఇంటిపేరు ఆమెకు తెలియదు. ఆయన అది గమనించాడు. తనే ఒక కాగితం తీసుకుని, పేరు పెద్ద అక్షరాలతో రాసి చేతికిచ్చాడు.

రెండు నెలలకు పత్రిక ఆ సవరణ వేసింది. ఒక సంస్థ ఆమె ఉపన్యాసం రద్దు చేసుకుంది. కొందరు ధైర్యమన్నారు. ఆ మెచ్చుకోలు ఆమెకు మరింత సిగ్గుగా అనిపించింది. పాత ఫిర్యాదు తప్పని ఆఫీసుకు రాసింది. ఫైలే దొరకలేదని జవాబు వచ్చింది.

పత్రిక ప్రతి పట్టుకుని మళ్ళీ ఆ రెండో అంతస్తుకు వెళ్ళింది. కూతురు తలుపు సగమే తీసి, ప్రతి అందుకుంది.

“నాన్న పడుకున్నారండీ.”

పొద్దున పదకొండు గంటలైంది. లోపల నేల మీద కుర్చీ జరిగిన చప్పుడు వినిపించింది. “సరేనమ్మా,” అని ఆమె మెట్లు దిగింది.