శనివారం శుభవార్త

మాది పుస్తకాలు చదివిపెట్టే గ్రూపు. చూపులేని విద్యార్థుల కోసం పాఠాలు గట్టిగా చదివి, ఫోన్లో రికార్డు చేసి పంపుతాం. జీతం లేదు, సన్మానం లేదు, శాలువాల బెడద అసలే లేదు. గ్రూపులో చాలామంది ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు, గొంతులే తెలుసు. మా ఇల్లు బెంజ్ సర్కిల్ పక్కన. హారన్ల మోత పాఠంలో పడకుండా నేను బీరువా తలుపులు తెరిచి, చీరల మధ్య తల దూర్చి చదువుతాను. పదో తరగతి సాంఘిక శాస్త్రం మొత్తం అలా కలరా ఉండల వాసన పీలుస్తూ చదివిందే.

గ్రూపును నడిపేది ఒక రిటైర్డ్ లెక్చరర్. అందరం మాష్టారనే అంటాం. ఆయనకు ఒక బెంగ పట్టుకుంది. గ్రూపులో ఎవరైనా పోయారని కబురొస్తే చాలు, ‘ఓం శాంతి’లు వరదలా వచ్చి పడతాయి. పోయినాయన ఎవరో తెలియనివాళ్లు కూడా ముందు ఒక శాంతి పడేసి, ఆ తర్వాత ‘ఇంతకీ ఎవరండీ?’ అని నన్ను విడిగా అడుగుతారు. ఎవరైనా ఒక పుస్తకం పూర్తిచేశానని చెబితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు.

“చావులకు తప్ప నోరు తెరవని గ్రూపైపోయిందమ్మా మనది” అన్నారు మాష్టారు. ఇకమీదట ప్రతి శనివారం ప్రతి ఒక్కరూ ఒక శుభవార్త పెట్టాలని శాసనం చేశారు. చిన్నదైనా సరే, సొంతదై ఉండాలి.

మొదటి శనివారం ఆయనే ప్రారంభించారు. ‘ఈ వారం నా మోకాలి నొప్పి తగ్గింది.’ దానికి బొటనవేలు చూపించింది నేనొక్కదాన్నే. మిగిలినవాళ్లు మంచు బిందువులున్న గులాబీలు పంపించారు. ఎవరో వెంకటేశ్వరస్వామి ఫోటో పెట్టి, దీన్ని పదిమందికి పంపితే సాయంత్రంలోగా శుభవార్త వింటారని హామీ ఇచ్చారు. ఆ శుభవార్త రాలేదు, మరుసటి శనివారం మాష్టారి మోకాలి నొప్పి మాత్రం తిరిగొచ్చింది.

దాంతో ఆయన నామీద పడ్డారు. “ఇన్సూరెన్స్ ఆఫీసులో అన్నేళ్లు కౌంటర్లో కూర్చున్నారు. మనుషుల్ని ఒప్పించడం మీకు తెలుసు. తలా ఒక ఫోన్ చేయండి.”

సరేనని చేశాను. గవర్నర్‌పేటలో ఉండే ఆడిటర్ గారు గొంతు తగ్గించి, “మంచి జరిగిందని నలుగురిలో చెప్పుకుంటామాండీ? దిష్టి కొట్టదూ?” అన్నారు. చెడు జరిగితే చెప్పచ్చా అని అడిగితే, “అది వాళ్లకే తెలిసిపోతుంది కదండీ” అన్నారు. ఒకావిడ తన జీవితంలో ఏ వార్తా లేదని, ఆ లేకపోవడమే శుభవార్తని తేల్చి, పప్పు మాడుతోందని పెట్టేసింది.

ఇబ్రహీంపట్నం అమ్మాయికి ఆఖరున చేశాను. వాళ్లాయన అక్కడ థర్మల్ స్టేషన్లో షిఫ్టు ఉద్యోగి. పెళ్లయి నాలుగైదేళ్లవుతోంది. మా గ్రూపులో అందరికంటే బాగా చదువుతుంది. ఫిజిక్సు సమీకరణాలను కూడా కథ చెప్పినట్టు చదవగల గొంతు. అలాంటి అమ్మాయి గ్రూపులో ఒక్క ముక్క మాట్లాడదు.

“శుభవార్తంటే ఎలాంటిదుండాలి మేడం?” అంది అనుమానంగా.

“ఎలాంటిదైనా పర్లేదమ్మా. కూర బాగా కుదిరినా చాలు.”

“ఒకటుందండీ. కానీ ఇంకా ఇంట్లో కూడా చెప్పలేదు.”

“ముందు మాకు చెప్పు మరి! ఎవరో ఒకరు మొదలుపెడితేనే కదా మిగతావాళ్లు కదిలేది.” ఆఫీసులో పాలసీలు కట్టించిన గొంతంతా అక్కడ వాడాను.

శనివారం ఉదయం ఆ అమ్మాయి మెసేజ్ పెట్టింది. ‘అందరికీ ఒక గుడ్ న్యూస్. ఇన్నాళ్లకి! సాయంత్రం చెప్తాను. ఇప్పుడు బయటికి వెళ్తున్నాను.’

మన దగ్గర పెళ్లయిన ఆడపిల్ల నోట ‘గుడ్ న్యూస్’ అన్న మాట వస్తే దానికి ఇంకో అర్థం ఉండదు. అది ఎవరికీ చెప్పక్కర్లేదు. నిన్నటిదాకా మూగనోము పట్టిన గ్రూపు ఒక్కసారిగా గొంతు విప్పింది. బొప్పాయి తినొద్దన్నారు ఒకరు. బరువులు ఎత్తొద్దన్నారు మరొకరు. ఎడమవైపు తిరిగి పడుకోమని ఆడిటర్ గారు, దిష్టి సంగతి మర్చిపోయి, సలహా ఇచ్చారు. మాష్టారైతే ‘పండంటి బిడ్డను కని సుఖంగా ఉండు తల్లీ’ అని దీవించారు. నేనూ ఊరుకోలేదు. పాలసీసా బొమ్మ, ఉయ్యాల బొమ్మ వెతికి మరీ పెట్టాను.

మధ్యాహ్నం భోజనం చేస్తుండగా బెల్లు మోగింది. తలుపు తీస్తే హెల్మెట్ చేత్తో పట్టుకుని ఒక అమ్మాయి నిలబడి ఉంది. చెమటతో ముఖం తడిసిపోయింది, నవ్వు చెవుల దాకా ఉంది. ఎప్పుడూ చూడలేదు కానీ నోరు తెరవగానే గుర్తుపట్టాను. పాఠాల గొంతు.

“మేడం, స్కూటరు నేర్చుకున్నానండీ! మాష్టారిని మీ అడ్రసు అడిగి పెట్టుకుని, ఇబ్రహీంపట్నం నుంచి ఒక్కదాన్నే వచ్చాను. గొల్లపూడి లారీల మధ్యలోంచి, దుర్గ గుడి ఫ్లైఓవర్ మీంచి... మీ బెంజ్ సర్కిల్ కూడా దాటేశాను!”

“స్కూటరా? ఈ పరిస్థితుల్లోనా? పైగా మెట్లెక్కి వచ్చావా?” అని చెయ్యి పట్టుకుని సోఫాలో కూలేశాను.

“ఏ పరిస్థితి మేడం?”

“పొద్దుట్నుంచీ గ్రూపు చూడలేదా?” అన్నాను. ఆ అమ్మాయి బ్యాగులోంచి ఫోన్ తీసింది. బొప్పాయిలు, ఉయ్యాలలు, పండంటి బిడ్డ... చదువుతున్న కొద్దీ నవ్వు జారిపోయింది.

“పెళ్లయిన దగ్గర్నుంచి ఎక్కడికెళ్లినా ఇదే మేడం. ‘ఏమ్మా, గుడ్ న్యూస్ ఏమైనా ఉందా?’ అని. పక్కింటివాళ్లు, పాలాయన, ఆఖరికి మా ఆయన ఆఫీసులో సెక్యూరిటీ ఆయన కూడా అడుగుతాడు. ఈ గ్రూపులో ఒక్కళ్లూ అడగలేదు. అందుకే ఇక్కడుంటున్నాను.”

మంచినీళ్లు ఇచ్చాను. తాగకుండా గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఇంతలో ఫోన్ మోగింది. వాళ్ల అత్తగారు. గ్రూపులో ఉన్న దూరపు చుట్టమొకావిడ పొద్దున్నే ఆవిడకు కబురందించిందట. ఉయ్యూరు దగ్గర పల్లెటూరు నుంచి ఆవిడ బస్సెక్కి వచ్చేసి, విజయవాడ బస్టాండులో దిగి ఫోన్ చేస్తోంది. నువ్వు ఇల్లు కదలకు, నేనే వస్తున్నానంటోంది.

“ఊళ్లోనే ఉన్నాను అత్తయ్యా, అక్కడే ఉండండి” అని పెట్టేసి నావైపు చూసింది. “మీరూ రండి మేడం. నాకు ఒక్కదాన్నే వెళ్లాలంటే భయంగా ఉంది.”

లారీల మధ్య నుంచి వచ్చిన పిల్లకు అత్తగారంటే భయం. నాకేమో ఆ పిల్ల వెనక కూర్చోవాలంటే భయం. మా ఆయన హెల్మెట్ తలకు తగిలించుకుని, తెలిసిన దేవుళ్లందరినీ తలుచుకుంటూ ఎక్కాను. అమ్మాయి బాగానే నడిపింది. బందరు రోడ్డు మీద ఒక ఆటో అడ్డమొస్తే, ఫిజిక్స్ చదివే ఆ గొంతుతోనే ఆటో అతన్ని ఒక మాట అంది. ఆ మాట ఏ పాఠంలోనూ లేదు.

బస్టాండులో వాళ్ల అత్తగారు స్టీలు డబ్బా ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుని ఉంది. కోడలి చేతిలో హెల్మెట్ చూడగానే లేచి నిలబడింది.

“ఓరి నాయనో! నీళ్లోసుకున్నదానివి, బండెక్కుతావటే?”

“నేను నీళ్లోసుకోలేదు అత్తయ్యా. అలాంటిదేం లేదు. బండి నేర్చుకున్నాను. అదే గుడ్ న్యూస్.”

ఆవిడ మెల్లగా కూర్చుంది. కొంగుతో కళ్లు తుడుచుకుంది. నేను ఎవరినో చెప్పి, తప్పు మా గ్రూపుదని సర్దిచెప్పబోతే వినిపించుకోలేదు.

“ఈదిలో అందరికీ చెప్పొచ్చానే. ఇప్పుడేం చెప్పను?”

“కోడలు స్కూటరు నేర్చుకుందని చెప్పండి.”

“ఆ, మేళం పెట్టిస్తాను దానికి” అంది ఆవిడ చిరాగ్గా. తర్వాత డబ్బా మూత తీసింది. సున్నుండలు. ముందు తనే ఒకటి నోట్లో వేసుకుని, డబ్బా మా ఇద్దరి ముందుకూ తోసింది. “చేసినవి ఎక్కడికి పోతాయి, తినండి. మినుములు వేయించేసరికి చేతులు పడిపోయినయ్యి.”

ముగ్గురం తింటూ కూర్చున్నాం. ఆవిడ కోడలివైపు ఓరగా చూస్తోంది. “నిజంగా ఒక్కదానివే వచ్చావా? ఆ లారీల్లో?”

“నిజంగానే అత్తయ్యా.”

“మీ మావయ్య బతికుండగా సైకిలు నేర్పమని అడిగాను నేను. పడి కాలిరగ్గొట్టుకుంటే వంటెవరు చేస్తారన్నాడు.” ఆవిడ చేతులు దులుపుకుని లేచింది. “ఇంక ఇబ్రహీంపట్నం బస్సేం ఎక్కుతాన్లే. మెల్లగా పోనిస్తానంటే బండి మీదే వస్తాను.”

నా తల మీది హెల్మెట్ తీసి ఆవిడ తలకు పెట్టాను. కొప్పుకి అడ్డమొస్తే కొప్పు విప్పించాం. డబ్బా ఒళ్లో పెట్టుకుని, కోడలి నడుం గట్టిగా వాటేసుకుని ఆవిడ వెళ్లిపోయింది. మా ఆయన హెల్మెట్ ఇబ్రహీంపట్నం చేరింది, నేను ఆటోలో ఇల్లు చేరాను.

సాయంత్రం గ్రూపులో ఆ అమ్మాయి గొంతు వినిపించింది. ‘నమస్కారమండీ. నేను గర్భవతిని కాదు. స్కూటరు నేర్చుకున్నాను. బొప్పాయి తింటాను. ఇక్కడ ఇంకెప్పుడూ ఎవరినీ ఆ గుడ్ న్యూస్ అడగొద్దండీ, ప్లీజ్.’

ఉయ్యాలలు, పాలసీసాలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. నావి కూడా. మాష్టారికి మెసేజ్ చెరపడం రాదు. చివరికి ఆయనే రాశారు: ‘అమ్మా, మన్నించు. నా ఆశీస్సులను స్కూటరుకు వర్తింపజేసుకోవలసిందిగా ప్రార్థన.’ ఆ అమ్మాయి నవ్వుతున్న బొమ్మ పెట్టాక గానీ నాకు అన్నం సహించలేదు.

ఆ మరుసటి శనివారం నేను ఎవరికీ ఫోన్ చేయలేదు. అంత పరువు పోయాక ఇక దాచుకునేదేముందనుకున్నారో ఏమో, వాళ్లంతట వాళ్లే మొదలుపెట్టారు. ఆడిటర్ గారు జీవితంలో మొదటిసారి ఉప్మా ఉండకట్టకుండా చేశానని ఫోటో పెట్టారు. ఏ వార్తా లేదన్నావిడ తన కొత్త కళ్లజోడు చూపించింది. ఇబ్రహీంపట్నం నుంచి అత్తగారు కోడలి ఫోన్లోనే ‘నిన్న కొండపల్లి దాకా వెళ్లొచ్చాం’ అని చెప్పింది. దానికి వచ్చిన బొటనవేళ్లన్ని ‘ఓం శాంతి’లు నేను ఏ చావుకీ చూడలేదు.

కొన్నాళ్లకు మా పాఠాలు వినే పిల్లల్ని కూడా మాష్టారు గ్రూపులో చేర్చారు. వాళ్లలో ఒక డిగ్రీ అమ్మాయి పంపిన శుభవార్త నా గురించే. ‘మేడం, మీ ఎకనామిక్స్ పాఠం బాగా అర్థమైందండీ. డిమాండు, సప్లై దగ్గర మీ వీధిలోకి ఉల్లిపాయల బండి కూడా వచ్చింది. అతను రేటు చెప్పేలోపే మీరు రికార్డింగ్ ఆపేశారు. అది కూడా ఉంటే బాగుండేది.’