తలుపుకొక గోనె సంచి

కారుకు గీత పడితే నా ఒంటి మీద పడ్డట్టే ఉంటుంది. ఇదేదో గొప్ప గుణమని చెప్పుకోవడం లేదు, నా ఖర్మ. కరీంనగర్‌లో ఇంటి ముందు కారు ఆపగానే ముందు తలుపులు చూసుకుంటాను, తర్వాతే లోపలికి వెళ్తాను. ముదురు నీలం కొనొద్దని అందరూ చెప్పారు. విన్నానా? తెల్ల కారు మీద ఎవరికీ కనపడని గీత కూడా దీని మీద సుద్దముక్కతో గీసినట్టు కనపడుతుంది.

ఆ గీతలన్నీ పడేది ఒక్కచోటే. బెల్లంపల్లి దాటాక తారు రోడ్డు దిగి మా చేనుకు పోయే బాటలో. బాపు, అంటే మా నాన్న, బొగ్గుబాయిలో పనిచేసే రోజుల్లో కొన్న చేను అది. ఇప్పుడాయన నా దగ్గరే ఉంటున్నాడు. మోకాళ్లు అరిగిపోయాయి, కర్ర పట్టుకుని వీధి చివరిదాకా నడిస్తే అదే గొప్ప. చేను కౌలుకిచ్చినా సరే, వారానికోసారి కళ్లారా చూడకపోతే ఆయనకు అన్నం సహించదు. రోడ్డు మీద దించితే అక్కడిదాకా నడవలేడు. కాబట్టి కారు చేను దాకా పోవాల్సిందే.

ఆ బాట ఎడ్లబండి కోసం వేసింది. ఒక పక్క లోతుగా కోసుకుపోయిన ఒర్రె, చిన్న వాగు. ఇంకో పక్క మక్కజొన్న చేను. ఆ చేను రైతు అడవి పందులు రాకుండా గట్టు పొడుగునా రేగు కంప, తుమ్మ కంప కొట్టి పేర్చాడు. అటు జరిగితే కారు బోల్తా, ఇటు జరిగితే ముళ్లు. పోయేటప్పుడు బాపు కూర్చున్న వైపు గీసుకుంటుంది, వచ్చేటప్పుడు నా వైపు. ఆ కిర్రుమనే చప్పుడుకు నా పళ్లు జివ్వుమంటాయి.

"కాకా, గీ కంప జర ఎనుకకు జరుపరాదే" అని బతిమాలాను.

"జరిపితే పందులు రాత్రికి రాత్రే మక్కంతా పండవెడ్తయ్ బిడ్డా. బండి పట్టేటంత బాట ఇడిసిన గద" అన్నాడు ఆ రైతు. ఆయన మాటలో తప్పేమీ లేదు. అందుకే ఇంకా ఒళ్లు మండింది.

గీతలు పోతాయని చెప్పిన పాలిష్ రుద్దాను. చెయ్యి నొప్పి పుట్టిందే తప్ప గీత కదల్లేదు. టచప్ రంగు తెచ్చి పూశాను. సీసాలో ఉన్నప్పుడు అదే నీలం, తలుపు మీదికి రాగానే వేరే నీలం. గీతల కంటే నా మరమ్మతే కొట్టొచ్చినట్టు కనపడుతోంది. చివరికి విసిగిపోయి బాపుతో అనేశాను, ఇక కారు బాటలోకి దించనని, చేనును రోడ్డు మీద నుంచే చూద్దామని. రోడ్డు మీద నుంచి టేకు చెట్లు తప్ప ఏమీ కనపడవని మా ఇద్దరికీ తెలుసు. "సరే కొడుకా" అన్నాడు. అంతే.

మళ్లీ వారం తారు రోడ్డు చివర కారు ఆపితే, డిక్కీ తెరవమన్నాడు. చుట్టచుట్టిన గోనె సంచులు. నాకు తెలియకుండా దబ్బనంతో, సుతిలితో తలుపుకొకటి చొప్పున కుట్టి పెట్టాడు. సంచి పై అంచు కిటికీ లోపలికి వేసి అద్దం ఎక్కిస్తే చాలు, పరదాలా వేలాడుతుంది. పొలాల పండుగకు ఎద్దును ముస్తాబు చేసినట్టు చేశాం కారును.

"గిప్పుడు ముల్లు సంచికి తాకుతది. నీ రంగుకేం గాదు. ఫికర్ జెయ్యకు" అన్నాడు.

నిజంగానే కిర్రుమనలేదు. బాపు పత్తి సాళ్ల దగ్గర కర్ర ఆనించుకుని కాయ కాయను ఒత్తి చూసుకున్నాడు. నాకు కూడా హాయిగా అనిపించింది. తిరిగి రోడ్డెక్కి సంచులు తీశాను. మా ఇంటి పక్కన ఇల్లు కడుతున్న చోట ఇసుక మోసిన సంచులవి, పోగుల నిండా ఇసుకే. బయట నుంచి కంప నొక్కుతుంటే లోపల ఆ ఇసుక తలుపులను తోమేసింది. నీలం పోయి నాలుగు తలుపులూ బూడిద పూసినట్టయ్యాయి.

"ఇసుక దులుపకుండ కడ్తరా బాపూ ఎవలన్న!" అని అరిచాను. ఆయన సంచులు మడతపెట్టాడు. కరీంనగర్ చేరగానే షెడ్డులో చూపిస్తే, పాలిష్‌తో అయ్యే పని కాదు, రంగంతా మళ్లీ కొట్టాలన్నారు. వింటూ ఉంటే ఏడుపొక్కటే తక్కువ.

తర్వాతి వారం తాళాలు తీసుకుని బయటికొస్తే బాపు కుర్చీలోంచి లేవలేదు.

"నేను రాను బిడ్డా. చేను ఏడికి పోతది" అన్నాడు. కానీ పొద్దున్నే బయటికెళ్లే అంగీ తొడుక్కుని, తలకు రుమాలు చుట్టుకునే ఉన్నాడు. అది చూసి ఇంకా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

"లే బాపూ" అన్నాను, కసిరినట్టే.

ఈసారి సంచులు లేవు. కారు బాటలోకి దించాను. మొదటి ముల్లు ఆయన వైపు తలుపును గీరింది. ఎంత పడిందో చూద్దామని అటు తిరిగాను. బాపు కళ్లు గట్టిగా మూసుకుని, తలుపుకు లోపలి నుంచి అరచెయ్యి అదిమిపెట్టి కూర్చున్నాడు. కంప అయిపోయేదాకా అలాగే ఉన్నాడు. ప్రతి చప్పుడుకూ ఆయన మొహం ముడుచుకుపోతుంటే, నా గీతల బాధ పోలేదు కానీ కారును ఇంకా మెల్లగా పోనిచ్చాను.

కారు ఆపాను. "కండ్లు తెరువు బాపూ, చేను వచ్చింది."

తెరవలేదు. "గీతలు వడ్డయా?" అని అడిగాడు.

"పడలే" అన్నాను.

అప్పుడు కళ్లు తెరిచి పత్తి వైపు చూశాడు.