చెలకల పేర్లున్న చిన్న లాప్‌టాప్

మేడ్చల్‌లో రిపేరు షాపువాడు ఆగిపోయిన నా లాప్‌టాప్‌ను విప్పి కూడా చూడకుండా చెత్త అన్నాడు. "గీ పలకను ఇంకెన్నొద్దులు మోస్తవ్ తాతా, పారెయ్" అని నవ్వాడు కూడా. రెండేళ్లయింది. అది ఇప్పటికీ నా సంచిలోనే ఉంది.

నేను బడి మొహం చూడనివాణ్ణి. దుకాణాల బోర్డులు చూసి అక్షరాలు నేర్చుకున్నాను, ఆ చిన్న లాప్‌టాప్ మీద టైపింగు నేర్చుకున్నాను. దాన్ని ఒక్క చేత్తో పట్టుకుని గట్ల వెంట తిరిగేవాణ్ణి. వానకు పండే మా ఊరి చెలకలన్నీ ప్లాట్ల నంబర్లుగా మారిపోతుంటే తుమ్మలచెలక, అవ్వచెలక అంటూ వాటి పాత పేర్లన్నీ అందులో ఎక్కించాను. మరోచోట రాసుకోలేదు. అది నా తప్పే.

ఆ రోజు షాపువాడి మీది కోపంతోనే శామీర్‌పేట మీదుగా వెళ్లే బస్సెక్కాను. పక్కసీటులో ఉన్నామె ఒళ్లో అచ్చం నాదాని లాంటిదే, మూసి ఉన్నది, కనిపించింది. మెడలో ఏదో ల్యాబు కార్డు వేలాడుతోంది. పనికి తీసుకెళ్తోందంటే నడుస్తున్నట్టే అనుకున్నాను, నాకు ప్రాణం లేచొచ్చింది.

"నీది నడుస్తాంది గదా బిడ్డా! ఏడ బాగుచేయించినవ్?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. మళ్లీ అడిగాను. దాన్ని ఒళ్లోకి ఇంకా దగ్గరగా లాక్కుంది.

"చెప్తే నీ సొమ్మేం పోతది?" అని గట్టిగానే అరిచాను. ముందు సీట్లవాళ్లు తిరిగి చూశారు.

తుర్కపల్లి వచ్చాక ఆమె లేచింది. దాన్ని అన్నం డబ్బా పక్కన సంచిలో సర్దుకుంటూ అప్పుడు చెప్పింది.

"ఇది నడవది తాతా. మా ఆయనది. ఆయన పోయినంక బాగుచేయించలే. బరువు లేదు గదా, రోజు ఎంబడి తెచ్చుకుంట."